గుమ్మం మీది వాలు డబ్బీ: మెజూజా వెనక భాష, రాత, కళ

న్యూజెర్సీలోనో, షికాగో శివార్లలోనో ఉండే తెలుగువాళ్లు దీన్ని ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు. పక్కింటి గుమ్మానికి కుడివైపు, భుజం ఎత్తున, వేలెడంత డబ్బీ ఒకటి ఉంటుంది. మేకు ఊడిందేమో అనిపించేలా పక్కకు వాలి ఉంటుంది. ఆ ఇంటివాళ్లలో కొందరు లోపలికి అడుగుపెడుతూ దాన్ని వేళ్లతో తాకి, ఆ వేళ్లను పెదవులకు ఆనించుకుంటారు.

దాన్ని మెజూజా అంటారు. యూదుల ఇంటికి అదే గుర్తు. దిష్టి తగలకుండా కట్టిన తాయెత్తని కొందరు, మన మామిడి తోరణం లాంటి అలంకారమని ఇంకొందరు అనుకుంటారు. అలంకారం అనడం తప్పు. తాయెత్తు అనడం పూర్తిగా తప్పని కొట్టిపారేయలేం, ఎందుకంటే దాని మీద యూదు పండితుల మధ్యే 800 ఏళ్లకు పైగా తగవు నడుస్తోంది.

అన్నిటికంటే ముందు విప్పాల్సిన చిక్కుముడి ఒకటి ఉంది. బయటికి కనిపించే ఆ డబ్బీ మెజూజా కాదు. దాని లోపల చుట్ట చుట్టి పెట్టిన తోలు, దాని మీద చేత్తో రాసిన 713 అక్షరాలు, అదీ మెజూజా. వెండి డబ్బీ కొని ఖాళీగా గుమ్మానికి కొడితే మతనియమం ప్రకారం అక్కడ ఏమీ లేనట్టే. అదే తోలును చవకరకం గొట్టంలో పెట్టి కొడితే సరిపోతుంది.

ద్వారబంధం అనే మాట తోలుచుట్టకు పేరెలా అయింది

హీబ్రూలో మెజూజా అంటే ద్వారబంధం, అంటే గుమ్మానికి నిలువుగా ఉండే చట్రం. బైబిల్లో ఆ మాటకు అంతకుమించి అర్థం లేదు. ద్వితీయోపదేశ కాండంలో రెండు చోట్ల, 6వ అధ్యాయంలోనూ 11వ అధ్యాయంలోనూ, ఈ మాటలను ఇంటి ద్వారబంధాల మీద రాయాలని ఆజ్ఞ ఉంది. తెలుగు బైబిలు దీన్ని ‘ద్వారబంధములమీదను గవునులమీదను’ అని తర్జుమా చేసింది. గవును అంటే కోటకో ఊరికో ఉండే పెద్ద ద్వారం. దానికి ముందు వాక్యం మరీ ముచ్చటగా ఉంటుంది. ఈ మాటలు కన్నుల నడుమ ‘బాసికమువలె’ ఉండాలట. అక్కడి హీబ్రూ మాట ‘తోతాఫోత్’. దానికి అసలు అర్థమేమిటో పండితులు ఇప్పటికీ తేల్చుకోలేదు. తెలుగు అనువాదకులు మాత్రం పెళ్లి బాసికాన్ని తెచ్చి అక్కడ కట్టేశారు. నుదుటి మీద కట్టుకునే వస్తువుకు మన దగ్గర అంతకంటే దగ్గరి మాట దొరకదు మరి.

‘రాయాలి’ అంటే ఏం చేయాలన్న దగ్గర దారులు చీలాయి. ఇదే గ్రంథాన్ని పాటించే సమరీయులు దాన్ని ఉన్నదున్నట్టు తీసుకున్నారు. రాతి పలకల మీద లేఖన వాక్యాలు చెక్కి గోడలో బిగించారు. యూదు మతచట్ట చర్చల సంకలనమైన తల్మూద్‌ను అంగీకరించని కరాయీ శాఖవాళ్లు ఇది ఉపమానమని, మాటలు మనసులో ఉంచుకోమని చెప్పడమేనని అన్నారు. మిగిలిన యూదులు రబ్బీల, అంటే మతపండితుల, వ్యాఖ్యానాన్ని అనుసరించి తోలు మీద రాసి, ఆ తోలును ద్వారబంధానికి అమర్చారు. కాలక్రమంలో ద్వారబంధం పేరు దానికి అంటించిన తోలుదైపోయింది. తలకు కట్టేదాన్ని తలపాగా అనడం మానేసి ‘తల’ అనే పిలిస్తే ఎలా ఉంటుందో అలాంటి మార్పు ఇది. మృతసముద్రం ఒడ్డున కుమ్రాన్ గుహల్లో దాదాపు 2,000 ఏళ్ల నాటి మెజూజా తోళ్లు దొరికాయి. వాటిలో వాక్యాలు నేటి మెజూజాలో ఉన్నట్టే ఉండవు. కొన్నింటిలో పది ఆజ్ఞలు కూడా ఉన్నాయి. అంటే ఏం రాయాలన్నది స్థిరపడడానికీ కాలం పట్టింది.

రబ్బీలు ఆ ఆజ్ఞలోని ఒక్క క్రియాపదంతో చేసిన చమత్కారం మీదే మిగతా కథంతా నిలబడి ఉంది. ‘వాటిని రాయి’ అనడానికి హీబ్రూ మాట ‘ఉఖ్‌తవ్‌తామ్’. తల్మూద్ దాన్ని రెండుగా విరిచి ‘ఖతావ్ తామ్’ అని చదివింది. తామ్ అంటే లోపం లేనిది. అంటే, రాస్తే నిర్దోషంగా రాయి. మన అవధానులకూ శ్లేష కవులకూ ఇలా పదం విరవడం కొత్త కాదు. అయితే ఇక్కడ పదం విరిచింది చమత్కారం కోసం కాదు. ఆ విరుపులోంచి ఒక చట్టమే పుట్టింది.

22 వరుసల తోలు: ఏమేం కావాలి

రాసేది రెండు భాగాలు. మొదటిది ద్వితీయోపదేశ కాండం 6:4-9, ‘ఇశ్రాయేలూ వినుము’ అని మొదలయ్యే షెమా. రెండోది 11:13-21. రెండూ కలిపి 170 మాటలు, 713 అక్షరాలు, 22 వరుసలు. చివరి వరుసలో ‘భూమి మీద’ అని అర్థం వచ్చే రెండు మాటలు మాత్రమే ఉంటాయి, మిగతా వరుస ఖాళీ. ‘ఆకాశం’ అన్న మాట పై వరుస చివర, ‘భూమి’ కింది వరుసలో పడేలా రాయడం పాత ఆచారం. ఆకాశం పైనా, భూమి కిందా అన్నమాట.

షెమా తొలి వాక్యానికి మన దేశంలోనూ ఒక చరిత్ర ఉంది. కొంకణ తీరంలో గానుగలు ఆడించి బతికిన బెనే ఇజ్రాయెల్ యూదులు తరతరాలుగా హీబ్రూ మరిచిపోయినా ఈ ఒక్క వాక్యాన్ని మరవలేదని, పెళ్లికీ చావుకీ దాన్నే చెప్పుకునేవారని వాళ్ల సంప్రదాయం. శనివారం విశ్రాంతి దినమని గానుగ ఆపేసేవారు కాబట్టి ఊళ్లో వాళ్లను ‘శనివార్ తేలీ’, అంటే శనివారపు గానుగవాళ్లు, అనేవారు. మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో యూదు ధర్మం పాటించే బెనే ఎఫ్రాయిమ్ కుటుంబాలు ఉన్నాయి.

మళ్లీ తోలు దగ్గరికి వద్దాం. మతం ప్రకారం తినదగిన జాతి జంతువు తోలే వాడాలి. ఆవు, గొర్రె, మేక అయితే సరే. తోలును సున్నపు నీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు వదిలాక చట్రానికి బిగదీసి, గీకి నునుపు చేస్తారు. నానబెట్టేటప్పుడే ‘ఇది పవిత్ర రాత కోసం’ అని అనుకోవాలి. మరో పనికి సిద్ధం చేసిన తోలును తర్వాత మనసు మార్చుకుని దీనికి వాడకూడదు.

సిరా వస్తువుల్లో చాలావరకు మన పచారీ కొట్లలోనే దొరుకుతాయి: మాచికాయ, అన్నభేది, తుమ్మజిగురు, నీళ్లు. మాచికాయలోని వగరూ అన్నభేదిలోని ఇనుమూ కలిస్తే నలుపు వస్తుంది. జిగురు ఆ నలుపును తోలుకు పట్టించి ఉంచుతుంది. ఇనుము పాలు ఎక్కువైతే ఏళ్లు గడిచేకొద్దీ సిరా గోధుమ రంగుకూ ఎరుపుకూ తిరుగుతుంది. జిగురు ఎక్కువైతే తోలు చుట్టినప్పుడల్లా సిరా పెచ్చులు లేస్తుంది. కలం బాతు ఈకదో టర్కీ కోడి ఈకదో అయి ఉంటుంది. స్పెయిన్, మధ్యప్రాచ్య సంప్రదాయాలకు చెందిన సెఫార్దీలలో చాలామంది రెల్లు కలం వాడతారు.

రాయడానికి ముందు సిరా లేకుండా, మొద్దు మొనతో నొక్కి గీతలు గీయాలి. గీతలు లేకపోతే ఎంత అందమైన రాతైనా చెల్లదు. హీబ్రూ అక్షరాలు గీత మీద కూర్చోవు, దేవనాగరిలో లాగా గీత నుంచి వేలాడతాయి. కాబట్టి గీత పైన ఉంటుంది, అక్షరం కిందికి దిగుతుంది.

ఇక లిపి. పవిత్ర గ్రంథాలను ఏ భాషలోనైనా రాయవచ్చు గానీ, మెజూజాను, ప్రార్థన వేళ కట్టుకునే తెఫిల్లీన్ పెట్టెల్లోని తోళ్లను మాత్రం ‘అష్షూరీ’ లిపిలోనే రాయాలని తల్మూద్‌కు మూలమైన మిష్నా చెబుతుంది. ఇంట్లో మాట్లాడేది యిద్దిష్ కావచ్చు, లదీనో కావచ్చు, కొచ్చి యూదుల మలయాళం కావచ్చు, గుమ్మం మీది భాష మాత్రం మారదు. తమాషా ఏమిటంటే అష్షూరీ అంటే అస్సిరియాది అని అర్థం. ఈ చదరపు లిపి యూదులకు పుట్టు లిపి కాదు, అరమేయిక్ నుంచి వచ్చింది. అరువు తెచ్చుకున్న లిపే కొన్ని శతాబ్దాలకు కదపరాని నియమమైపోయింది.

ఏడు అక్షరాల నెత్తిన మూడేసి సన్నటి కిరీటాలు పెడతారు. మన తలకట్టులా అవి ఉచ్చారణను మార్చవు. తోలు మీద అలంకారమంటూ కనిపించేది అంతే. అది కూడా రాసేవాడి ఇష్టం కాదు, ఏ అక్షరానికి ఎన్ని అన్నది ముందే లెక్క ప్రకారం ఉంది. రంగులు, లతలు, బంగారు పూత ఏవీ ఉండవు.

ఒక్క అక్షరం చెడితే ఏమవుతుంది

మెజూజా రాసే లేఖకుణ్ని సోఫెర్ అంటారు. అతనికి అన్నిటికంటే భయం పుట్టించేవి చూడడానికి ఒకేలా ఉండే అక్షర జంటలు. తెలుగులో ‘ప’ ఎడమ వైపు కాస్త మూసుకుపోతే ‘వ’ అవుతుంది, ‘పని’ కాస్తా ‘వని’ అయిపోతుంది. హీబ్రూలో దాలెత్, రేష్ అలాంటి జంటే. దాలెత్‌కు కుడి పై మూల పదునుగా బయటికి పొడుచుకు వస్తుంది. రేష్‌కు అక్కడ గుండ్రంగా ఉంటుంది. షెమా తొలి వాక్యం చివరి మాట ‘ఎఖాద్’, ‘ఒక్కడే’ అని అర్థం. అందులోని దాలెత్ మూల గుండ్రమైతే ‘అఖేర్’ అవుతుంది, అంటే ‘వేరొకడు’. దేవుడు ఒక్కడే అన్నది దేవుడు వేరొకడు అయిపోతుంది. ఈ ఒక్క మూల తారుమారైతే లోకమే ధ్వంసమైనట్టని మిద్రాష్ వ్యాఖ్యానం హెచ్చరించింది.

అది దాలెతో రేషో తేలని సందేహం వస్తే పండితుణ్ని పిలవరు, పిల్లవాణ్ని పిలుస్తారు. అక్షరాలు వచ్చి ఉండాలి, అయితే మరీ తెలివైనవాడూ కాకూడదు, మరీ మందమతీ కాకూడదు. తెలివైనవాడు సందర్భం పట్టి ఊహించి చదివేస్తాడు. ఈ పిల్లవాడు కంటికి కనిపించిందే చెబుతాడు. ఆకారం బొత్తిగా తప్పని అందరికీ తెలుస్తున్నప్పుడు మాత్రం ఈ పరీక్షకు తావు లేదు.

దిద్దుబాట్లకు కూడా పద్ధతి ఉంది. రెండు అక్షరాలు సరిగ్గానే రాశాక సిరా చుక్క పాకి ఒకదానికొకటి అంటుకుంటే, ఆ అతుకును మొనతో గీకి తీయవచ్చు. అక్షరాల ఆకారం అప్పటికే సిద్ధంగా ఉంది కాబట్టి గీకడం రాయడం కిందికి రాదు. కానీ రేష్ రాయాల్సిన చోట దాలెత్ రాసి, దాని మూల గీకేసి రేష్ చేస్తే చెల్లదు. అక్కడ అక్షరం పుట్టింది కలంతో కాదు, చుట్టూ చెక్కడంతో. ఆజ్ఞ ‘రాయి’ అంటుంది, ‘చెక్కు’ అనదు.

ఇంతకంటే కఠినమైనది వరుసక్రమం. మెజూజాలో అక్షరాలన్నీ మొదటి నుంచి చివరి దాకా వరసగా రాయాలి. ఒక అక్షరం మరిచిపోయి ముందుకు వెళ్లిపోతే తర్వాత వెనక్కి వచ్చి ఇరికించడానికి లేదు. ఉదాహరణకు, మొదటి వరుసలో ‘ప్రేమించాలి’ అని అర్థం వచ్చే ‘వె-ఆహవ్తా’ అనే మాట ఉంది. అందులో ఒక అక్షరం జారిపోయింది. సోఫెర్ అది గమనించకుండా రెండో వరుస మొదలుపెట్టాడు. ఆ వరుసలో మొదటి మాటే దేవుడి నామం. తప్పు కనబడింది. దిద్దాలంటే తప్పు జరిగిన చోటి దాకా రాసిందంతా చెరిపి మళ్లీ రాయాలి. కానీ దేవుడి నామాన్ని చెరపకూడదు. అంటే దారి మూసుకుపోయింది. ఆ తోలు వృథా. దాన్ని పారేయకూడదు కూడా, పాడైన పవిత్ర రాతలు ఉంచే గెనీజాలో పెట్టి తర్వాత భూమిలో పాతిపెడతారు. అదే తప్పు ‘ఆహవ్తా’ తర్వాతి మాట దగ్గరే పట్టుబడి ఉంటే ఆ కాస్త చెరిపితే సరిపోయేది. బైబిలు తొలి ఐదు కాండాలు రాసిన పెద్ద తోరా చుట్టకు ఈ వరుసక్రమం నియమం లేదు, అందులో తర్వాతైనా ఇరికించవచ్చు. 3,04,805 అక్షరాల తోరాకు వెసులుబాటు ఉండి, 713 అక్షరాల మెజూజాకు లేకపోవడం విచిత్రంగా తోస్తుంది గానీ, చిన్నదైతే మళ్లీ మొదలుపెట్టగలం కదా.

కంటికి కనిపించని లోపం కూడా ఉంటుంది. ప్రతి దైవనామానికి ముందు ‘ఇది పవిత్ర నామంగా రాస్తున్నాను’ అనే సంకల్పం ఉండాలి. పరధ్యానంలో రాసేస్తే అక్షరం ఎంత ముత్యంలా ఉన్నా చెల్లదు. దాన్ని భూతద్దంతో చూసినా, కంప్యూటరుతో చదివించినా తెలియదు. అందుకే కొనేవాళ్లు రాత కంటే ముందు రాసినవాళ్ల నడవడి గురించి అడుగుతారు.

ఎవరు రాయవచ్చన్న దానిలోనూ భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. తెఫిల్లీన్ కట్టుకునే బాధ్యత ఉన్నవాళ్లే వాటిని రాయాలన్న తల్మూద్ సూత్రం ఆధారంగా ఆర్థడాక్స్ యూదులు స్త్రీలు రాసిన మెజూజాను అంగీకరించరు. రిఫార్మ్ వంటి శాఖలు ఆ తర్కాన్ని తోసిపుచ్చాయి. వాళ్లలో స్త్రీ లేఖకులు ఉన్నారు. మెజూజా పెట్టుకునే బాధ్యత మాత్రం స్త్రీలకూ ఉందని ఇద్దరూ ఒప్పుకుంటారు.

తోలు వెనకవైపు: రక్షా, ఆజ్ఞా?

తోలు వెనక ‘షద్దాయ్’ అని దేవుడి పేరు ఒకటి రాస్తారు. ‘ఇశ్రాయేలు తలుపుల కాపరి’ అనే హీబ్రూ మాటల మొదటి అక్షరాలు కలిపినా ఇదే వస్తుంది. మధ్య, తూర్పు యూరప్ సంప్రదాయపు అష్కెనాజీలు దీనితోపాటు తలకిందులుగా ‘కూజు బెముఖ్సాజ్ కూజు’ అని రాస్తారు. ఏ భాషలోనూ దీనికి అర్థం లేదు. ఇది గూఢలిపి. ముందువైపు మొదటి వరుసలోని మూడు దైవనామాల్లో ప్రతి అక్షరాన్ని వర్ణమాలలో దాని తర్వాతి అక్షరంతో మార్చారంతే. తెలుగులో ‘కల’ను ఇలా మారిస్తే ‘ఖవ’ అవుతుంది.

ఇలాంటివి చూసే బయటివాళ్లు తాయెత్తు అనుకుంటారు. మధ్యయుగంలో యూరప్‌లో కొందరు ఇంకో అడుగు ముందుకేసి తోలు లోపలే వాక్యాల పక్కన దేవదూతల పేర్లూ ముద్రలూ రాశారు. 12వ శతాబ్దపు పండితుడు మైమోనిదిస్ వాళ్ల మీద మండిపడ్డాడు. దేవుడు ఒక్కడేనని చాటే ఆజ్ఞను సొంత లాభం కోసం తాయెత్తుగా దిగజార్చారని, వాళ్లకు పరలోకంలో భాగం లేదని తీర్పు చెప్పాడు. వెనక ‘షద్దాయ్’ రాయడాన్ని మాత్రం తప్పుపట్టలేదు, అది బయటివైపు కదా అన్నాడు.

అవతలి వాదానికీ బలం లేకపోలేదు. మెజూజా ఇంటిని కాపాడుతుందన్న మాట తల్మూద్‌లోనే ఉంది. లోకంలో రాజు లోపల కూర్చుంటే భటులు బయట కాపలా కాస్తారని, ఇక్కడ సేవకులు లోపల ఉంటే దేవుడే గుమ్మం దగ్గర కాపలా కాస్తాడని అక్కడ ఒక పోలిక. ఇంట్లో వరసగా కష్టాలు వస్తే మెజూజాలు తనిఖీ చేయించే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. హేతువాద ధోరణి ఉన్న రబ్బీలకు అది నచ్చదు. నడిమి దారివాళ్లు రక్షణ ఆజ్ఞను పాటించిన ఫలమే తప్ప తోలులో దాగిన శక్తి కాదంటారు. అయితే వేళ్లు ఆనించి ముద్దాడేవాళ్లలో ఎందరు ఈ తేడాను లెక్కలోకి తీసుకుంటారన్నది వేరే సంగతి.

వాలుగా ఎందుకు, ఎంత ఎత్తున

నిలువుగా ఉండాలని 1105లో మరణించిన ఫ్రాన్సు పండితుడు రాషీ అన్నాడు. కాదు, మందసం అనే పవిత్ర పెట్టెలో ఉంచిన పది ఆజ్ఞల పలకల్లా అడ్డంగా ఉండాలని ఆయన మనవడు రబ్బెను తామ్ అన్నాడు. తాత పక్షమా, మనవడి పక్షమా? అష్కెనాజీలు ఇద్దరి మాటా పోకుండా పైకొన ఇంటి లోపలివైపు ఒరిగేలా వాల్చేశారు. నిక్కచ్చిగా చూస్తే ఇది ఇద్దరు చెప్పినదీ కాదు. సెఫార్దీలకు ఈ రాజీ అక్కర్లేదు, వాళ్లు నిలువుగానే కొడతారు. కాబట్టి డబ్బీ వాలు చూస్తే ఆ కుటుంబం ఏ సంప్రదాయానిదో చాలావరకు చెప్పవచ్చు. చాలావరకు అనడం ఎందుకంటే చట్రం మరీ సన్నగా ఉంటే అష్కెనాజీలు కూడా నిలువుగానే పెడతారు.

చోటు విషయంలో లెక్క ఇది. లోపలికి వెళ్లేవాళ్లకు కుడివైపు, ద్వారం ఎత్తులో పై మూడో వంతు మొదలయ్యే చోట, చట్రం బయటి అంచు నుంచి బెత్తెడు లోపు. హీబ్రూ కొలతలు మనకు తెలిసినవే. ‘తేఫాఖ్’ అంటే మన బెత్తెడు, ‘అమ్మా’ అంటే మన మూర. అమెరికాలో మామూలు తలుపు ఎత్తు 80 అంగుళాలు. దాన్ని మూడు భాగాలు చేస్తే ఒక్కోటి 26.7 అంగుళాలు. పై భాగం నేల నుంచి 53.3 అంగుళాల దగ్గర మొదలవుతుంది. డబ్బీ అడుగు అక్కడో, దానికి కాస్త పైనో ఉంటుంది. ద్వారం మరీ ఎత్తైనదైతే ఈ లెక్కకు మెజూజా అందనంత పైకి పోతుంది కాబట్టి భుజం ఎత్తు చాలన్న అభిప్రాయం ఉంది.

‘లోపలికి’ అంటే ఎటు? వీధి తలుపుకు సందేహం లేదు. రెండు గదుల మధ్య తలుపు దగ్గర ఏది లోపల, ఏది బయట అన్నది తేలకపోతే బందులు చూస్తారు. తలుపు ఏ గదిలోకి తెరుచుకుంటే ఆ గదే లోపల. ఇంటి మరమ్మతులో తలుపు తిప్పి బిగిస్తే మెజూజా పక్క కూడా మారాల్సి రావచ్చు.

ఒకే గదికి మూడు జవాబులు

స్నానాల గదికి మెజూజా ఉండదు, అక్కడ పవిత్ర రాత ఉంచడం గౌరవం కాదు. గది కనీసం 4 మూరల పొడవు, 4 మూరల వెడల్పు ఉండాలి. ఇక్కడే తంటా. 3 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల వెడల్పు ఉన్న సామాన్ల గదిని తీసుకుందాం. మూర 48 సెంటీమీటర్లని లెక్కిస్తే 4 మూరలు 1.92 మీటర్లు. ఈ గది వెడల్పు అంత లేదు కాబట్టి మెజూజా అక్కర్లేదని రోష్ అనే పండితుడి లెక్క. మైమోనిదిస్ లెక్క వేరు. ఆయనకు వైశాల్యం ముఖ్యం. 16 చదరపు మూరలంటే 3.69 చదరపు మీటర్లు, గది 4.5 ఉంది, కాబట్టి పెట్టాల్సిందే. పోనీ అందామంటే మూర కొలతే తేలలేదు. దాదాపు 58 సెంటీమీటర్లని చెప్పేవాళ్ల ప్రకారం 16 చదరపు మూరలు 5.3 చదరపు మీటర్లు దాటుతాయి. అప్పుడు మైమోనిదిస్ లెక్కకూ ఈ గది చాలదు.

ఇలాంటి చోట వాడుకలో ఉన్న పరిష్కారం, మెజూజా పెట్టడం గానీ మంత్రం చెప్పకపోవడం. పెట్టడం వల్ల నష్టం లేదు. అక్కర్లేని చోట దేవుడి పేరుతో ఆశీర్వచనం పలికితే మాత్రం దోషం.

అద్దె ఇంట్లో అయితే ఇజ్రాయెల్ బయట 30 రోజుల గడువు ఉంది. అంతకు తక్కువ ఉండేది నివాసం కాదని లెక్క. ఇజ్రాయెల్లో చేరిన వెంటనే పెట్టాలి. బాధ్యత అద్దెకున్నవాడిదే, ఇంటి యజమానిది కాదు.

కళకు మిగిలిన చోటు

తోలు మీద ఒక గీత కూడా ఇష్టం వచ్చినట్టు గీయడానికి లేదు కదా. ఆ కోరికంతా డబ్బీలోకి మళ్లింది. డబ్బీకి నియమాలు దాదాపు లేవు. చెక్క, తగరం, వెండి, గాజు, పింగాణీ, ఇప్పుడు ప్లాస్టిక్కు, ఏదైనా సరే. చాలా వాటి మీద ‘షద్దాయ్’ మొదటి అక్షరం షిన్, మూడు కొమ్మలతో కనిపిస్తుంది.

అందం కోసం ఖర్చు పెట్టడానికీ యూదు చట్టంలో లెక్క ఉంది. ఆజ్ఞను అందంగా పాటించడాన్ని ‘హిద్దూర్ మిత్జ్వా’ అంటారు. అందుకు మూడో వంతు దాకా అదనంగా పెట్టాలని తల్మూద్ మాట. మామూలుది 60 డాలర్లయితే మెరుగైనదానికి మరో 20 పెట్టడం సముచితం. ఆ మెరుగు ముందు రాతలో ఉండాలంటారు లేఖకులు. అంగట్లో జరిగేది తరచూ దానికి తలకిందులు, డబ్బీకి వంద, తోలుకు బేరం.

అష్కెనాజీల పాత ఇళ్లలో డబ్బీయే ఉండేది కాదు. ద్వారబంధంలోనే గాడి చెక్కి తోలును అందులో పెట్టి మూసేవారు. గాడి బెత్తెడు కంటే లోతైతే చెల్లదు. మొరాకోలో మరో సొగసు ఉంది. మెజూజాను మఖ్మలు గుడ్డ తొడుగుతో కప్పి, దాని మీద జరీతో ఇల్లాలి పేరు కుట్టేవారు. ఇరవయ్యో శతాబ్దంలో జెరూసలేంలోని బెత్సలేల్ కళాశాల, లుడ్విగ్ వోల్పర్ట్ లాంటి లోహశిల్పులు పూలూ లతలూ వదిలేసి హీబ్రూ అక్షరాన్నే ఆకారంగా మలిచారు. లోపల దాగిన అక్షరం అలా డబ్బీ మీదికి వచ్చింది.

చెడేవి, నకిలీవి

వీధి గుమ్మం మీది మెజూజాకు ఎండ, వాన రెండూ శత్రువులే. ఎండకు తోలు బిగుసుకుని సిరా పగులుతుంది. డబ్బీ వెనక సందులోంచి తేమ చేరితే అక్షరాలు ఎదురు పొరకు అంటుకుంటాయి. బిగించేటప్పుడు మేకు తోలులోంచి దిగిపోవడం, రంగులు వేసేవాళ్లు డబ్బీ మీదే రంగు కొట్టేయడం ఎప్పుడూ జరిగేవే. అందుకే ఇంటి మెజూజాలను ఏడేళ్లలో రెండుసార్లు, ఊరుమ్మడి ద్వారాలవి యాభై ఏళ్లలో రెండుసార్లు చూపించాలని నియమం. ఉమ్మడివాటికి అంత సడలింపు ఎందుకంటే, ఎవరి సొత్తూ కాని పనిని ఎవరి నెత్తినా ఎక్కువగా రుద్దకూడదని.

కంప్యూటరు స్కానింగు వచ్చాక జారిపోయిన అక్షరాలు, రెండుసార్లు పడిన మాటలు ఇట్టే పట్టుబడుతున్నాయి. పది మంది కళ్లు దాటిన తప్పును యంత్రం పట్టేస్తుంది. అయితే దాలెత్ మూల చాలినంత పదునుగా ఉందా, గీకి చేసిన అక్షరమా అన్నది దానికి తెలియదు. అందుకే కన్నూ, యంత్రమూ రెండూ వాడుతున్నారు.

బహుమతుల దుకాణాల్లో డబ్బీతో కలిపి వచ్చేది తరచూ అచ్చేసిన కాగితం. ఆజ్ఞ ‘రాయి’ అంది కాబట్టి అచ్చు ఎంత నిక్కచ్చిగా ఉన్నా చెల్లదు. చేతి రాతలో సిరా తోలు మీద కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది, ఏటవాలు వెలుతురులో నొక్కుడు గీతలు కనిపిస్తాయి. అచ్చులో రెండూ ఉండవు.

గుమ్మం ఎవరిది

చట్రం బయటివైపు అపార్ట్‌మెంట్లో ఉమ్మడి వరండాలోకి వస్తుంది. షికాగోలో ఒక కాండోమినియం సంఘం తలుపుల బయట ఏ వస్తువూ ఉండకూడదన్న నిబంధన కింద చెప్పులు, కాలిపట్టాలతోపాటు మెజూజాలనూ పీకించింది. నిబంధన అందరికీ ఒకటే కదా, ఇందులో వివక్ష ఎక్కడిదని సంఘం వాదించింది. క్రిస్మస్ దండ లేకపోయినా క్రైస్తవుడు ఆ ఇంట్లో ఉండగలడు, మెజూజా లేకుండా నిష్ఠగల యూదుడు ఉండలేడు, కాబట్టి ఇది ఇల్లు ఖాళీ చేయమనడమేనని కుటుంబం వాదించింది. 2008లో అప్పీలు కోర్టు త్రిసభ్య ధర్మాసనం సంఘం పక్షాన నిలిచింది. 2009లో అదే కోర్టు పూర్తి ధర్మాసనంగా కూర్చుని, ఆ నిబంధనను ఉద్దేశపూర్వకంగా యూదుల మీద ప్రయోగించారా అన్నది విచారణలో తేలాల్సిందేనని కేసును తిరగతోడింది. ఈలోగా షికాగో నగరం, ఇల్లినాయ్ రాష్ట్రం అలాంటి నిషేధాలకు అడ్డుకట్ట వేశాయి.

ఇల్లు మారేటప్పుడు తర్వాత వచ్చేది యూదు కుటుంబమైతే మెజూజా తీయకూడదు, కాకపోతే తీసుకెళ్లాలి అని తల్మూద్ చెబుతుంది. మనవాళ్లు కొత్తగా దిగిన ఇంట్లో గుమ్మానికి మిగిలి కనిపించేది సాధారణంగా ఖాళీ డబ్బీయో, రంగు పూతల కింద దాని అచ్చో కావడానికి కారణం అదే.

పోలండులో ఆ అచ్చులు వేరే కారణంతో మిగిలాయి. నాజీలు యూదులను ఊళ్లకు ఊళ్లే ఖాళీ చేయించి చంపారు. పాత ఇళ్ల ద్వారబంధాల్లో మెజూజా గాళ్లు మాత్రం అలాగే ఉండిపోయాయి. వార్సాలోని మి పోలిన్ అనే స్టూడియో ఆ గాళ్ల అచ్చు తీసి కంచులో పోత పోస్తోంది. ఏ ఊరు, ఏ వీధి, ఏ నంబరు ఇంటిదో దాని మీదే చెక్కి ఉంటుంది. కొన్నవాళ్లు అందులో కొత్తగా రాయించిన తోలు చుట్టి పెట్టి తమ గుమ్మానికి కొట్టుకుంటున్నారు.